దవడ కీలు నొప్పి: పళ్ళను అరగదీయించుకునే ముందు తెలుసుకోవలసినవి

చెవికి ముందువైపు నొప్పి మొదలవుతుంది; అన్నం నములుతున్నప్పుడు, ఆవులించినప్పుడు ఎక్కువవుతుంది; ఉదయం నిద్ర లేచేసరికి చెంపలు బిగుసుకుపోయి ఉంటాయి. చెవిపోటేమోనని చెవి, ముక్కు, గొంతు వైద్యుడి దగ్గరికి వెళ్తే చెవిలో ఏమీ లేదంటారు. పన్నుపోటేమోనని దంతవైద్యుడి దగ్గరికి వెళ్తే ఎక్స్‌రేలో పుచ్చు కనిపించదు. తలనొప్పి కూడా తోడైతే కళ్ళ పరీక్ష, సైనస్ స్కాన్ ఒకదాని తర్వాత ఒకటి జరిగిపోతాయి. కొందరి విషయంలో మరీ అన్యాయంగా, ఏ దోషమూ లేని పంటికి రూట్ కెనాల్ చేసి, అప్పటికీ తగ్గకపోతే ఆ పన్నే తీసేస్తారు. నొప్పి మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఇంత తికమకకు శరీర నిర్మాణంలోనే కారణం ఉంది. దవడ కీలు నుంచి నొప్పిని మెదడుకు చేరవేసే నాడి శాఖే చెవి బయటి భాగానికీ, కణతకూ కూడా వెళ్తుంది. పళ్ళకు వెళ్ళే నాడులు, దవడ కండరాలకు వెళ్ళే నాడులు కూడా అదే ట్రైజెమినల్ నాడికి, అంటే ముఖానికి స్పర్శనిచ్చే పెద్ద నాడికి, కొమ్మలు. అందువల్ల కండరంలో పుట్టిన నొప్పి పంటిలో ఉన్నట్టు, కీలులో పుట్టిన నొప్పి చెవిలో ఉన్నట్టు అనిపించడం మెదడుకు సహజమే. రోగి చూపించే చోటు ఒకటి, నొప్పి పుట్టిన చోటు ఇంకొకటి కావచ్చునన్నది ఈ విషయంలో మొదట గుర్తుపెట్టుకోవలసిన సంగతి. రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది: ఈ బాధ చాలామందిలో కండరాలకూ, నొప్పిని గ్రహించే నాడీవ్యవస్థకూ సంబంధించినది. పళ్ళ అమరికలో దాని మూలాన్ని వెతకబోయి, వెనక్కి తీసుకోలేని చికిత్సలతో మొదలుపెట్టినవారు బాగుపడినదానికన్నా నష్టపోయిందే ఎక్కువ.

కీలు ఎలా పనిచేస్తుంది

చూపుడు వేళ్ళను రెండు చెవుల ముందు, చెవి రంధ్రానికి అర అంగుళం ముందుకు ఆనించి నోరు నెమ్మదిగా తెరిచి చూడండి. మొదట్లో వేళ్ళ కింద ఏదో గుండ్రనిది ఉన్నచోటే తిరుగుతున్నట్టు ఉంటుంది. నోరు సగం తెరుచుకున్నాక ఆ గుండ్రనిది ముందుకూ కిందకూ జారిపోతుంది, అది ఉన్నచోట చిన్న గుంట పడుతుంది. అంటే దవడ కీలు తలుపు బందులాగా ఒక్కచోట తిరిగి ఊరుకునేది కాదు; తిరుగుతుంది, ఆపైన జారుతుంది కూడా. మన శరీరంలో రోజూ ఇలా రెండు పనులూ కలిపి చేసే కీళ్ళు తక్కువ. పైగా కింది దవడ ఒకే ఎముక కాబట్టి, కుడి కీలు కదిలినప్పుడల్లా ఎడమ కీలు కూడా కదలక తప్పదు. ఒకవైపు నొప్పిగా ఉందని రెండోవైపే నమలడం మొదలుపెడితే కొన్నాళ్ళకు రెండోవైపు కూడా ఇబ్బంది రావడానికి ఇదే కారణం.

కింది దవడ ఎముక కొసకూ, పైన కపాలంలోని గుంటకూ మధ్య గట్టి నారతో చేసిన ఒక చిన్న బిళ్ళ ఉంటుంది. అది మధ్యలో పలుచగా, అంచుల్లో మందంగా ఉంటుంది. దానికి కింద ఉన్న ఖాళీలో ఎముక తిరుగుతుంది, పైన ఉన్న ఖాళీలో బిళ్ళతో సహా ముందుకు జారుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో పై ముందు పళ్ళకూ కింది ముందు పళ్ళకూ మధ్య నోరు 40 మిల్లీమీటర్ల పైనే తెరుచుకుంటుంది. టేపు అక్కర్లేదు, చూపుడు, మధ్య, ఉంగరం వేళ్ళు మూడింటినీ ఒకదానిపై ఒకటి నిలువుగా పెట్టి నోట్లో పట్టించగలిగితే చాలు. రెండు వేళ్ళే పడుతున్నాయంటే దాని సంగతి చూడవలసిందే.

ఇక కండరాలు. పళ్ళు బిగించి చెంప వెనుక భాగంలో చెయ్యి పెడితే గట్టిగా ఉబ్బేది ఒకటి, కణతల దగ్గర కదిలేది ఇంకొకటి. ఇవి కాక బయటినుంచి చేతికి సరిగా అందనివి లోపలివైపు ఉన్నాయి. దవడ నొప్పితో వచ్చేవారిలో ఎక్కువమందికి ఈ కండరాలే మూలం. కణతల కండరం గంటల తరబడి బిగిసి ఉంటే అది తలనొప్పిగానే తెలుస్తుంది కాబట్టి, మైగ్రేన్ అని ఏళ్ళ తరబడి మాత్రలు వేసుకునేవారిలో కొందరికి అసలు సమస్య దవడ దగ్గర ఉండవచ్చు. రెండూ కలిసి ఉండడం కూడా సాధారణమే.

టక్కుమనే శబ్దం

నోరు తెరిచినప్పుడు చెవి దగ్గర టక్కుమని శబ్దం రావడం చాలామందిని భయపెడుతుంది. మధ్యలోని బిళ్ళ కొంచెం ముందుకు జారి ఉండి, నోరు తెరిచేటప్పుడు ఎముక దాని మందపాటి అంచును దాటి మళ్ళీ సరైన చోటికి చేరినప్పుడు వచ్చే శబ్దం అది. నొప్పి లేకుండా, నోరు మామూలుగా తెరుచుకుంటూ ఉంటే దానికి చికిత్స అవసరం లేదు. ఏ బాధా లేని ఆరోగ్యవంతులకు ఎంఆర్‌ఐ తీసిన అధ్యయనాల్లో సుమారు మూడింట ఒకవంతు మందిలో బిళ్ళ పక్కకు జరిగే కనిపించింది. స్కాన్ రిపోర్టులో ఆ మాట కనిపించగానే నొప్పికి కారణం దొరికిపోయిందని అనుకోవడం తప్పు. ఆ కారణంతో కీలుకు ఆపరేషన్ చేయించుకోవడం ఇంకా పెద్ద తప్పు.

ఆందోళన పడవలసిన సందర్భం దీనికి దాదాపు వ్యతిరేకం. ఏళ్ళుగా వస్తున్న టక్కు శబ్దం ఒకరోజు హఠాత్తుగా ఆగిపోయి, అప్పటినుంచి నోరు రెండు వేళ్ళకు మించి తెరుచుకోకుండా, తెరిచినప్పుడు గడ్డం నొప్పి ఉన్న వైపుకు లాగుతూ ఉంటే, బిళ్ళ ముందుకు పూర్తిగా జారి ఎముకకు అడ్డం పడిందని అర్థం. దీన్ని మొదటి రోజుల్లోనే చూపించుకుంటే చేతితో కదిలించి సరిచేసే అవకాశం ఎక్కువ. ఆలస్యమైనా భయపడనవసరం లేదు. వ్యాయామంతో, ఓపికతో చాలామందికి కొన్ని నెలల్లో నోరు తగినంతగా తెరుచుకుంటుంది. బిళ్ళ పాత చోటికి రాకపోయినా, దాని వెనుకనున్న కణజాలం క్రమంగా గట్టిపడి ఆ ఒత్తిడికి అలవాటుపడుతుంది.

ఇసుక నలిగినట్టు గరగరమనే శబ్దం వేరు. కీలు ఉపరితలం అరిగినప్పుడు అది వినిపిస్తుంది. వయసు పైబడినవారిలో, కీళ్ళవాతం ఉన్నవారిలో ఎక్కువ. మోకాళ్ళ అరుగుదలతో పోలిస్తే ఇది మెరుగైన స్థితి. నొప్పి దశ చాలామందిలో కొంతకాలానికి తనంతట తానే చల్లబడుతుంది.

పళ్ళ మీద పడిన నింద

1934లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో జేమ్స్ కాస్టెన్ అనే చెవి, ముక్కు, గొంతు వైద్యుడు పదకొండు మంది రోగుల వివరాలతో ఒక వ్యాసం ప్రచురించారు. వెనుక దవడ పళ్ళు ఊడిపోతే నోరు అతిగా మూసుకుపోతుందనీ, అప్పుడు దవడ ఎముక కొస వెనక్కి జరిగి నాడుల మీద ఒత్తుతుందనీ, అందువల్లే చెవి నొప్పి, చెవిలో హోరు, తల తిరగడం వస్తాయనీ ఆయన వాదన. చెవి నొప్పికి దవడ మూలం కావచ్చునని వైద్యలోకం దృష్టికి తెచ్చిన మేలు ఆయనది. కానీ ఆయన చెప్పిన విధంగా ఎముక ఆ నాడుల మీద ఒత్తే వీలు లేదని తర్వాత శరీర నిర్మాణ శాస్త్రజ్ఞులు చూపించారు. అప్పటికే ఆ ఆలోచన దంతవైద్యంలో పాతుకుపోయింది. పళ్ళు సరిగా కలవకపోవడమే రోగమైతే, పళ్ళను అరగదీసి, తొడుగులు వేసి, క్లిప్పులు పెట్టి సరిచేయడమే వైద్యం కావాలి కదా! దశాబ్దాలపాటు అదే జరిగింది. ఇప్పటికీ అక్కడక్కడా జరుగుతూనే ఉంది.

ఈ ఆలోచనలో ఉన్న లోపం రోగులకు అర్థం కావలసినది. కీలులో వాపు వచ్చినా, ఒకవైపు కండరం బిగుసుకున్నా కింది దవడ కొంచెం పక్కకు జరుగుతుంది. అప్పుడు పళ్ళు నిన్నటిలా కలవడం లేదని రోగికి అనిపిస్తుంది, అది నిజమే కూడా. కానీ అది నొప్పికి కారణం కాదు, నొప్పి వల్ల వచ్చిన ఫలితం. వాపు తగ్గగానే దవడ తన చోటికి వస్తుంది. ఈలోపు ఎత్తుగా తగులుతున్న పన్నును అరగదీసి ఉంటే, దవడ తిరిగి వచ్చాక ఆ పన్ను అందకుండా పోతుంది. పంటి ఎనామెల్ మళ్ళీ పెరగదు. వంకర పళ్ళకు క్లిప్పులు పెట్టించుకోవడం వల్ల దవడ నొప్పి రాదు, పోదు కూడా. అందం కోసమో, శుభ్రం చేసుకోవడానికి వీలు కోసమో పెట్టించుకోవాలి తప్ప ఈ నొప్పికి మందుగా కాదు. ఇటీవల కొత్తగా వేసిన ఫిల్లింగో తొడుగో ఎత్తుగా తగులుతుంటే మాత్రం దాన్ని సరిచేయించుకోవడం వేరే సంగతి.

తొందరపాటుకు మనుషులు చెల్లించిన మూల్యం చెప్పాలంటే 1980లలో అమెరికాలో జరిగినది చెప్పక తప్పదు. హ్యూస్టన్‌లోని వైటెక్ అనే సంస్థ ప్రోప్లాస్ట్-టెఫ్లాన్ అనే పదార్థంతో దవడ కీలులో పెట్టే కృత్రిమ బిళ్ళలను తయారు చేసింది. 1983లో వాటికి మార్కెట్లోకి వచ్చే అనుమతి లభించింది. బిళ్ళ జరిగిందన్న నిర్ధారణతో వేలమందికి, వారిలో అత్యధికులు యువతులకు, వాటిని అమర్చారు. నమిలే ఒత్తిడికి ఆ పదార్థం పొడిపొడిగా రాలింది. ఆ ముక్కలను తొలగించడానికి శరీరం చేసిన ప్రయత్నంలో చుట్టుపక్కల ఎముక కరిగిపోయింది. కొందరికి కపాలం అడుగుభాగం దాకా దెబ్బతింది. 1990 చివర్లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక జారీ చేసి, 1991లో వాటిని వెనక్కి తీసుకునే చర్యలు చేపట్టింది. వారిలో చాలామందికి మొదట వచ్చిన బాధ కొన్ని నెలల ఓపికతో, మెత్తటి తిండితో, వ్యాయామంతో తగ్గి ఉండేదని తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

ఆ అనుభవం తర్వాత పరిశోధన దారి మారింది. దవడ నొప్పిని గుర్తించడానికి ఒకే రకమైన పరీక్షా పద్ధతిని 1992లో పరిశోధకుల కోసం, దాన్ని మెరుగుపరచి 2014లో వైద్యుల కోసం కూడా రూపొందించారు. అందులో కీలు, కండరాల పరీక్షతో పాటు నిద్ర, ఆందోళన, దిగులు, నొప్పి వల్ల రోజువారీ పనులు ఎంత ఆగిపోతున్నాయి అన్నవాటికి సమాన స్థానం ఇచ్చారు. 2006లో అమెరికాలో మొదలైన ఒపెరా అనే అధ్యయనం దవడ నొప్పి లేని సుమారు 2,700 మందిని, 18 నుంచి 44 ఏళ్ళ వయసువారిని, ఏళ్ళ తరబడి గమనించింది. ఏటా నూటికి దాదాపు నలుగురికి కొత్తగా నొప్పి వచ్చింది. ఎవరికి వచ్చిందో చూస్తే, అప్పటికే నడుమునొప్పి, తలనొప్పి, కడుపు సంబంధమైన బాధలు వంటివి ఉన్నవారికీ, నిద్ర సరిగా లేనివారికీ ఎక్కువగా వచ్చింది. నొప్పి రావడానికి ముందు నెలల్లోనే వారి నిద్ర క్రమంగా పాడవుతూ వచ్చింది. అంటే నిద్ర చెడడం నొప్పికి ఫలితం మాత్రమే కాదు, ముందే కనిపించే సూచన కూడా.

ఇది చెప్పినప్పుడు కొందరు, ముఖ్యంగా స్త్రీలు, ‘అంటే ఇదంతా నా మనసులోనే ఉందంటారా’ అని నొచ్చుకుంటారు. కాదు. నొప్పి నిజమైనదే, చెంపలో, చెవి ముందు, కణతలో ఉన్నదే. నిద్ర లేమి, ఒత్తిడి, దీర్ఘకాలపు ఇతర నొప్పులు నాడీవ్యవస్థలో నొప్పి తీవ్రతను పెంచుతాయి, తగ్గించే ఏర్పాట్లను బలహీనపరుస్తాయి. ఈ బాధ పురుషులకన్నా స్త్రీలలో, అందులోనూ ఇరవైల నుంచి నలభైల వయసులో ఎక్కువగా కనిపిస్తుంది. ఆ వయసు స్త్రీ నొప్పి అని చెప్తే ‘టెన్షన్ తగ్గించుకోండి’ అని ఒక మాట అని పంపేయడం వైద్యం అనిపించుకోదు.

పళ్ళు కొరకడం గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నిద్రలో పళ్ళు కొరికే పిల్లలకు కడుపులో నులిపురుగులున్నాయని మన ఇళ్ళలో పెద్దలు అంటారు. నులిపురుగుల మందు ఎలాగూ ఏడాదికి రెండుసార్లు బడిలో వేస్తారు, వేయించుకోవలసిందే. అయితే పళ్ళు కొరకడానికి అదే కారణమని గట్టి ఆధారం లేదు, పిల్లల్లో చాలామందికి వయసుతో అదే తగ్గిపోతుంది. పెద్దవారిలో నిద్రలో కొరకడంకన్నా మెలకువలో తెలియకుండా పళ్ళు బిగించి ఉంచడం నొప్పికి ఎక్కువ దోహదం చేస్తుంది. కంప్యూటర్ ముందు పని చేస్తూ, బండి నడుపుతూ, ఫోనులో వేలితో పైకి జరుపుకుంటూ పళ్ళు ఆనించి ఉంచేవారికి ఆ సంగతే తెలియదు. దిగులుకు వాడే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ తరగతి మందులు కొందరిలో పళ్ళు బిగించే అలవాటును పెంచుతాయి. అలాంటప్పుడు మందు మానేయకూడదు, రాసిచ్చిన వైద్యుడితో ఆ విషయం చెప్పాలి.

ఇది కానివి

మన రాష్ట్రాల్లో నోరు తెరుచుకోవడం లేదని వచ్చే ప్రతివారినీ మొదట అడగవలసిన ప్రశ్న వక్క గురించి. గుట్కా, ఖైనీ కలిపిన వక్క, వక్కపొడి, జర్దా కిళ్ళీ ఏళ్ళ తరబడి నమిలేవారిలో బుగ్గల లోపలి చర్మం కింద నార పేరుకుపోయి నోరు నెలనెలకూ బిగుసుకుపోతుంది. దీనికీ దవడ కీలుకూ సంబంధం లేదు. గుర్తు పట్టడం కష్టం కాదు: కూరలో మామూలు కారం కూడా భగ్గుమంటుంది, బుగ్గల లోపల గులాబీ రంగు పోయి పాలిపోతుంది, వేలితో తడిమితే నిలువునా తాళ్ళలాంటి పట్టీలు తగులుతాయి, నాలుక పూర్తిగా బయటికి చాపడం కష్టమవుతుంది. పొగాకు లేదు కదా, ఉత్త వక్కే కదా అనుకోవడం పొరపాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో పొగాకు లేని వక్కను కూడా మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థంగా వర్గీకరించింది. ఈ నోటి బిగుతు క్యాన్సర్‌కు దారితీయగల స్థితి. వక్క మానడం, దంత వైద్య కళాశాలలోని నోటి వ్యాధుల విభాగంలో క్రమం తప్పకుండా చూపించుకోవడం ఇందులో తప్పనిసరి.

మెట్లెక్కినప్పుడో, వేగంగా నడిచినప్పుడో కింది దవడలో, ముఖ్యంగా ఎడమవైపు, నొప్పి వచ్చి ఆగగానే తగ్గిపోతుంటే అది గుండెకు సంబంధించినది కావచ్చు. చెమటలు, ఆయాసం, ఛాతీ బరువు తోడైతే దంతవైద్యుడి దగ్గరికి కాదు, వెంటనే అత్యవసర విభాగానికి వెళ్ళాలి. యాభై దాటినవారికి నములుతున్నప్పుడు దవడ పట్టేసి, తల దువ్వుకుంటే చర్మం నొప్పి పుట్టి, చూపు మసకబారుతుంటే అది రక్తనాళాల వాపు కావచ్చు. స్టెరాయిడ్ వైద్యం ఆలస్యమైతే చూపు పోయే ప్రమాదం ఉంది. ముఖం కడుక్కున్నా, గాలి తగిలినా ఒక్క క్షణం కరెంటు షాక్ కొట్టినట్టు వచ్చే నొప్పి ట్రైజెమినల్ నాడిది, దానికి మందులు వేరు. జ్వరం, చిగురు వాపు, మింగడంలో కష్టంతో నోరు తెరుచుకోకపోతే జ్ఞానదంతం దగ్గర చీము చూడాలి. గాయం తర్వాత దవడ బిగుసుకుపోవడం ధనుర్వాతానికి తొలి లక్షణం. దవడ దగ్గర తగ్గని గడ్డ, ముఖంలో తిమ్మిరి, ఒకవైపే వినికిడి తగ్గడం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే స్కాన్ ఆలస్యం చేయకూడదు.

తగ్గించుకునే మార్గం

మొదట నేర్చుకోవలసినది దవడను ఖాళీగా ఉంచడం. పెదవులు కలిసి ఉండాలి, పళ్ళు కలవకూడదు, నాలుక కొన ‘ల’ అక్షరం పలికేటప్పుడు తాకే చోట, పై ముందు పళ్ళ వెనుక మెత్తగా ఆని ఉండాలి. తినేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పళ్ళు ఒకదానికొకటి తగలవలసిన అవసరం లేదు. రోజు మొత్తం కలిపినా ఆ సమయం సుమారు 20 నిమిషాలని అంచనా. కంప్యూటర్ తెర మూలన, ఫోను వెనుక, వంటింటి గోడ మీద చిన్న రంగు చుక్క అంటించుకుని, అది కంటపడినప్పుడల్లా పళ్ళు విడివిడిగా ఉన్నాయో లేదో చూసుకోవడం చాలా చిన్న పనిలా కనిపిస్తుంది. కానీ ఖర్చు లేని ఈ ఒక్క పనిని నాలుగు వారాలు పట్టుదలగా చేసినవారికి వచ్చే ఉపశమనం చాలా పరికరాలకన్నా మెరుగ్గా ఉంటుందని నా గట్టి నమ్మకం.

తిండి విషయంలో పూర్తిగా ద్రవాలకే దిగిపోవలసిన పనిలేదు. రెండు మూడు వారాలు పప్పన్నం, పెరుగన్నం, ఇడ్లీ, ఉప్మా, బాగా ఉడికిన కూరలు, అరటిపండు, బొప్పాయి, గుడ్డు సరిపోతాయి. చెరకు ముక్క పళ్ళతో చీల్చడం, సకినాలు, జంతికలు, వేయించిన శనగలు, పల్లీపట్టి, ఎండుకొబ్బరి, జామకాయ కొరకడం, మొక్కజొన్న పొత్తు, ములక్కాడ నమలడం, మాంసంలో బొమికలు కొరకడం, చూయింగ్ గమ్, గోళ్ళు కొరకడం మానాలి. సంక్రాంతి రోజుల్లో నొప్పి తిరగబెట్టిందని వచ్చేవారికి కారణం వేరే వెతకనక్కర్లేదు. ఆవులింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనించి నోరు మరీ పెద్దగా తెరుచుకోకుండా చూసుకోవాలి. బోర్లా పడుకుని చెంప దిండుకు అదిమి నిద్రపోవడం, ఫోనును చెంపకూ భుజానికీ మధ్య ఇరికించి మాట్లాడడం కూడా మానుకోవాలి.

కండరాల బిగుతుకు వేడి కాపడం మంచిది. గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పిండిన గుడ్డను చెంపకూ కణతకూ 15 నుంచి 20 నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు పెట్టాలి. దెబ్బ తగిలిన తొలి రెండు రోజుల్లో, హఠాత్తుగా వచ్చిన తీవ్రమైన నొప్పిలో గుడ్డలో చుట్టిన ఐసు 10 నిమిషాలు మేలు. కాపడం తీసిన వెంటనే వ్యాయామం చేస్తే సులువుగా ఉంటుంది: నాలుక కొనను అంగిలికి ఆనించి, అది జారిపోనంతవరకే నోరు నెమ్మదిగా తెరిచి మూయాలి. అద్దంలో చూస్తూ గడ్డం పక్కకు పోకుండా నిటారుగా కిందకు దిగేలా చూసుకోవాలి. ఒక్కో విడతకు ఆరుసార్లు, రోజుకు ఆరు విడతలు ఫిజియోథెరపిస్టులు చెప్పే మామూలు లెక్క. కొద్దిగా లాగినట్టు ఉండవచ్చు. నొప్పి పెరిగి గంటల తరబడి ఉంటే మితిమీరినట్టే. అరచేతి మూడు వేళ్ళతో చెంప కండరాన్ని పైనుంచి కిందికి నెమ్మదిగా నిమరడం కూడా ఉపయోగపడుతుంది.

మందుల పాత్ర పరిమితం. ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్ వంటివి తీవ్రమైన నొప్పి ఉన్న కొన్నాళ్ళు, వైద్యుడి సలహాతో, తిన్న తర్వాత వేసుకోవచ్చు. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు, గర్భిణులు సొంతంగా వేసుకోకూడదు. జ్వరంతో డెంగీ అనుమానం ఉన్నప్పుడు అసలే వద్దు. మెడికల్ షాపులో ‘నొప్పుల బిళ్ళ’ అని అడిగి తెచ్చుకుని నెలల తరబడి మింగేవారికి మూత్రపిండాలు దెబ్బతినడం మన ఊళ్ళల్లో కొత్తేమీ కాదు. నొప్పి మూడు నెలలు దాటి నిద్ర పాడుచేస్తుంటే తక్కువ మోతాదు అమిట్రిప్టిలిన్ రాత్రిపూట కొందరు వైద్యులు ఇస్తారు. నిద్రమాత్రల తరగతి మందులకు అలవాటు పడకుండా చూసుకోవాలి.

బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక దవడ నొప్పికి మార్గదర్శకాలు ప్రచురించింది. గట్టిగా సిఫార్సు చేసినవాటిలో ఖరీదైన పరికరం ఒక్కటీ లేదు: నొప్పితో మెలగడం నేర్పే మానసిక చికిత్స, శిక్షణ పొందినవారు చేతులతో కీలునూ కండరాలనూ కదిలించే చికిత్స, పర్యవేక్షణలో దవడ, మెడ వ్యాయామాలు, రోగికి విషయం అర్థమయ్యేలా చెప్పి ధైర్యమివ్వడం, ఇంట్లో చేసుకునే వ్యాయామాలు. గట్టిగా వద్దన్నవాటిలో పళ్ళ అమరికను శాశ్వతంగా మార్చే నోటి పరికరాలు, బిళ్ళను తీసేసే ఆపరేషన్ ఉన్నాయి. రాత్రిపూట పళ్ళకు తొడిగి ఉదయం తీసేసే నైట్ గార్డు, కండరాన్ని సడలించే బొటాక్స్, కీలులోకి ఇచ్చే హయలురోనిక్ ఆమ్లం ఇంజెక్షన్లు, కీలును కడిగే ప్రక్రియ వంటివి సాధారణంగా వాడకపోవడమే మేలని, అయితే అంత నిశ్చయంగా కాకుండా చెప్పింది.

నైట్ గార్డు గురించి నా అభిప్రాయం కొంచెం విడిగా చెప్పాలి, ఎందుకంటే నొప్పి అనగానే మన దగ్గర మొదట చేతిలో పెట్టేది అదే. పళ్ళు అరిగిపోతున్నవారికి అది పళ్ళను కాపాడుతుంది, ఆ పని బాగానే చేస్తుంది. పళ్ళు కొరకడాన్ని మాత్రం అది ఆపదు. నొప్పి తగ్గిస్తుందన్న ఆధారం బలహీనం. పెట్టుకోదలిస్తే పళ్ళన్నింటినీ కప్పే, చదునుగా ఉండే గట్టి గార్డు, రాత్రిపూట మాత్రమే, అప్పుడప్పుడు వైద్యుడికి చూపించుకుంటూ వాడాలి. కొన్ని పళ్ళనే కప్పేవి రోజంతా వాడితే మిగిలిన పళ్ళు జరిగి, నోరు మూసినప్పుడు కలవకుండా పోతాయి. వేడినీళ్ళలో ముంచి కొరికి పెట్టుకునే మెత్తటివి ఆన్‌లైన్‌లో చవకగా దొరుకుతాయి, కొందరు వాటిని నిద్రలో ఇంకా ఎక్కువ నములుతారు. బొటాక్స్ విషయంలోనైతే పదేపదే ఇచ్చినప్పుడు దవడ ఎముక పలచబడవచ్చన్న అనుమానం ఇంకా తీరలేదు.

ఎవరి దగ్గరికి వెళ్ళాలన్నది నిజంగానే చిక్కు ప్రశ్న. ఈ బాధ దంతవైద్యానికీ సాధారణ వైద్యానికీ మధ్య ఎవరిదీ కాకుండా పడిపోతోందని అమెరికా జాతీయ అకాడమీలు 2020లో ఇచ్చిన నివేదికే ఒప్పుకుంది. మనకైతే నోటి వ్యాధుల నిపుణులు, ముఖ దవడ శస్త్రచికిత్స నిపుణులు సరైనవారు. హైదరాబాద్, విజయవాడ, కడప ప్రభుత్వ దంత వైద్య కళాశాలల్లో ఈ సేవలు తక్కువ ఖర్చుతో అందుతాయి. వారితో పాటు దవడ మీద పనిచేసిన అనుభవం ఉన్న ఫిజియోథెరపిస్టు దొరికితే సగం పని అయినట్టే. ఏ చికిత్స చెప్పినా ఒక్క ప్రశ్న అడగాలి: నచ్చకపోతే దీన్ని ఆపేసి నేను ఇప్పుడున్న స్థితికి తిరిగి రాగలనా? రాలేనంటే, రెండో వైద్యుడి అభిప్రాయం తీసుకునేదాకా ఒప్పుకోవద్దు.

శస్త్రచికిత్స నిజంగా అవసరమయ్యేవారు కొద్దిమంది ఉన్నారు. పెద్దగా ఆవులించాక నోరు తెరుచుకునే ఉండిపోయి మూతపడకపోతే కీలు గుంట దాటి ముందుకు జారినట్టు. ఇంట్లో బలవంతంగా మూయించకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అక్కడ వైద్యుడు బొటనవేళ్ళతో వెనుక పళ్ళ దగ్గర కిందికి, ఆ తర్వాత వెనక్కి నొక్కి నిమిషాల్లో సరిచేస్తారు. ఇది మాటిమాటికీ జరిగేవారికే ఆపరేషన్ ఆలోచన వస్తుంది. ఎముకకు ఎముక అతుక్కుపోయి కీలు పూర్తిగా బిగుసుకుపోయినవారి సంగతి వేరు, వారికి ఆపరేషనే మార్గం. మన దేశంలో దానికి ప్రధాన కారణాల్లో ఒకటి చిన్నతనంలో గడ్డం మీద పడడం. మేడ మెట్ల మీదనో, సైకిలు మీదనుంచో పడిన పిల్లవాడి గడ్డం కింద చర్మం చిట్లితే ఆ గాయానికి కుట్లు వేయించి ఇంటికి తీసుకొస్తాం; దెబ్బ బలం దవడ వెంబడి పైకి వెళ్ళి చెవి ముందున్న కీలు దగ్గర ఎముకను విరిచి ఉండవచ్చునని ఎవరికీ తట్టదు. నొప్పికి పిల్లవాడు నోరు కదపడు, లోపల ఎముక అతుక్కుపోతుంది, ఏళ్ళు గడిచేసరికి గడ్డం ఎదగక వెనక్కి ఉండిపోతుంది, వేలు కూడా పట్టనంతగా నోరు మూసుకుపోతుంది. గడ్డం మీద దెబ్బ తగిలిన ప్రతి బిడ్డకూ కుట్లు వేసిన రోజే రెండు చెవుల ముందూ నొక్కి చూడమని, దవడ ఎక్స్‌రే తీయమని అడగాలి. ఎముక విరిగిందని తేలితే, వైద్యుడు చెప్పిన రోజునుంచి నోరు తెరిచే వ్యాయామం చేయించాలి. తర్వాత నెలల తరబడి వారానికోసారి బిడ్డ తన మూడు వేళ్ళు తన నోట్లో పట్టించగలుగుతున్నాడో లేదో తల్లిదండ్రులే చూసుకోవాలి.